గుత్తి సాలెపురుగు: అనంతపుర మండల జంతుచరిత్రమున స్థలవిచారము

తామ్రశాసనమును బరిష్కరింపఁబూనినవాఁడు మొదట వేసికొనవలసిన ప్రశ్నలు రెండు. ఈ రేకులు దొరకిన చోటెయ్యది? ఇందుఁ బేర్కొనఁబడిన గ్రామమెచ్చటిది? ఈ రెంటికిని ఉత్తర మొక్కటియే కానక్కఱలేదు. రాగిరేకులు దాయాదులవెంట వలసపోవును, తాకట్టు పడును, చేతులు మాఱును. ఱాతిశాసనమట్టిది కాదు. గుత్తికిఁ జేరువనున్న ఎఱ్ఱగుడి గుండ్లమీఁది అశోకుని ధర్మలిపులు చెక్కినవాఁడు చెక్కినచోటనే నేఁటికిని నిలిచియున్నవి. 20వ శతాబ్ది మూఁడవ దశకమున వానిని గనుఁగొన్నవాఁడు అనుఘోష్ అను భూగర్భశాస్త్రజ్ఞుఁడు. ఱాళ్ల జాతిని బరీక్షింపవచ్చిన వాఁడు మౌర్యచక్రవర్తి వాక్కును జూచెను. ప్రకృతిశాస్త్రము చరిత్రకుఁ జేసిన యుపకారమిది. చరిత్రకారుని శోధనమార్గము ప్రకృతిశాస్త్రమునకు మఱల నేయుపకారము చేయఁగలదో చూపుట ఈ వ్యాసోద్దేశము.

వస్తుప్రదర్శనశాలలలో భద్రపఱుపఁబడిన జంతువుల మచ్చులకు చీటులు కట్టఁబడి యుండును. దొరకిన యూరు, తేది, సేకరించినవాని పేరు ఆ చీటిలో నుండును. చీటి లేని మచ్చు గద్యభాగము లేని తాళపత్రగ్రంథమువంటిది. అయినను చీటిలోనున్నదెల్ల నిజమని గ్రహించుటయుఁ బ్రమాదమే. చీటి చెప్పునది దొరకిన చోటు. మనకుఁ గావలసినది పుట్టిన చోటు. ఈ భేదమునకు అనంతపుర మండలముకంటె మంచి యుదాహరణము లరుదు.

1899వ సంవత్సరమున రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్ అను శాస్త్రజ్ఞుఁడు, బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారి పత్రికలో, ఒక క్రొత్త సాలెపురుగును వర్ణించెను. అతఁడు లండనునందలి బ్రిటిష్ మ్యూజియము ప్రకృతిచరిత్ర శాఖలో నుద్యోగి. అతని యెదుట నున్నది ఒక్కటే మచ్చు, అదియును ఆఁడుది. అది దొరకిన చోటు గుత్తి. లోహమువలె మెఱయు నీలవర్ణమునుబట్టి అతఁడు దానికి 'పోయిసిలోథీరియా మెటాలికా' అని నామకరణము చేసెను. కాళ్లమీఁద పసుపుపచ్చని మచ్చలును, దేహముమీఁద తెల్లని చిత్రలేఖయు గల యీ పురుగు లోకమునందలి సాలెపురుగులలో మిక్కిలి యందమైన వానిలో నొకటి. ఆ నీలిమ యే రంగుద్రవ్యమువలనను గలిగినది కాదనియు, రోమముల యతిసూక్ష్మనిర్మాణము వెలుఁగును విఱుచుటచేఁ గలుగుననియు శాస్త్రజ్ఞులు తరువాత నిర్ణయించిరి.

పోకాక్ వ్రాసిన పిదప నూఱేండ్లకుఁ బైగా ఈ జంతువును దాని నెలవున మరల నెవ్వరును జూచినట్లు వ్రాయలేదు. ఇందుకుఁ గారణము గుత్తి నెఱిఁగినవారికి దుర్గ్రహము గాదు. అనంతపుర మండలము పశ్చిమకనుమల చాటున నుండుటచే నైరృతి మేఘములకును, తూర్పుతీరమునకు దూరమగుటచే నీశాన్య మేఘములకును గూడ నెడమైనది. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియు నేల యది. గుత్తిదుర్గమున్న కొండలు బోడిగుండ్లు. వాని పాదములయందుఁ గనఁబడునవి ముండ్లపొదలు. ఈ సాలెపురుగో, పెద్దమ్రాఁకుల తొఱ్ఱలలో నేలకెత్తుగాఁ గాపురముండునది. తొఱ్ఱ గల మ్రాను లేని చోట దానికిఁ దావు లేదు.

అట్లయిన గుత్తికి అది యెట్లు వచ్చెను? మచ్చు దొరకినది రైలుదారివారు కలప పేర్చిన దొడ్డిలో. 19వ శతాబ్ది యుత్తరార్ధమున గుత్తి చెన్నపురి బొంబాయి రైలుదారిలో ముఖ్యస్థానమయ్యెను. దానికి ఈశాన్యముగా, నంద్యాల గిద్దలూరుల మీఁదుగా బెజవాడకుఁ బోవు దారి నల్లమలను జీల్చుకొని సాగును. 2001వ సంవత్సరమున ఈ జంతువు మరల దొరకినది ఆ నంద్యాల గిద్దలూరుల నడిమి యడవిలోనే. అది గుత్తికి సుమారు నూఱు కిలోమీటర్ల దూరము. కలపదూలముల సందున నొదిఁగి ఆ యాఁడుపురుగు రైలెక్కి గుత్తికి వచ్చియుండునని శాస్త్రజ్ఞుల యూహ. ఈ యూహకు మచ్చు దొరకిన దొడ్డియు, జంతువు స్వభావమును, పిమ్మట దొరకిన యడవియు మూఁడును సాక్ష్యమిచ్చుచున్నవి. వేఱువేఱు దిక్కులనుండి వచ్చిన మూఁడు సాక్ష్యములు ఏకవాక్యముగ నున్నపు డూహకు నిర్ణయబలము చేకూఱునని మన కావ్యకాలనిర్ణయములలో నంగీకరించుచున్నాము గదా.

ఈ నిర్ణయముయొక్క ఫలము కేవల పాండిత్యవినోదము గాదు. చీటిలోని యూరిపేరు నమ్మి గుత్తిగుండ్లలోనే వెదకియుండిన, ఈ జంతువు నశించినదని చెప్పవలసివచ్చెడిది. నిజమునకది బ్రదికియే యున్నది. కాని దాని నెలవు నూఱు చదరపు కిలోమీటర్లకు లోపలిదని యెంచి, 2008లో అంతర్జాతీయ ప్రకృతిరక్షణసంఘమువారు దానిని అత్యంతాపాయస్థితిలోని జాతులలోఁ జేర్చిరి. అందమే దానికి శత్రువైనది. వేడుకకై పెంచుకొనువారికొఱకు ఐరోపా అమెరికాఖండములలో దీని నమ్ముచుందురు. పుట్టిన యడవిలో మాత్రము అది యరుదు. అచ్చట దానిని 'గుత్తి' పేరితోనే పిలుచుచున్నారు. పొరపాటున నంటిన యీ స్థలనామము మన దుర్గమునకుఁ గీర్తిదెచ్చినది. కీర్తికి సంతసింపవచ్చును, కాని ఆ జంతువును రక్షింపవలసిన చోటు నల్లమల యని మఱవరాదు.

ఇది దొరకిన చోటు పుట్టిన చోటు గాకపోవుటకు దృష్టాంతము. దీనికి విపర్యయముగా, మండలమునకు సహజముగాఁ జెందిన జీవి గ్రంథములలో మఱుఁగుపడిన కథ యొకటి కలదు. అది కలివికోడి కథ.

1839వ సంవత్సరప్రాంతమునఁ జెన్నపురి సాహిత్యసంఘమువారి 'మదరాసు సాహిత్యశాస్త్రపత్రిక'లో రెండు రచనలు వెలువడుచుండెను. అందొకటి ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను తెలుఁగు భాషాసాహిత్యములనుగూర్చి వ్రాసిన వ్యాసము. రెండవది థామస్ కావర్‌హిల్ జెర్డన్ అను వైద్యుఁడు వ్రాసిన దక్షిణాపథపక్షుల పట్టిక. ఒకఁడు తాళపత్రములను, ఒకఁడు పక్షిచర్మములను గూర్చుచుండిరి. ఇరువురికిని దేశీయుల సాహాయ్యమే యాధారము. బ్రౌనునకుఁ బండితులు పాఠములు చెప్పిరి. జెర్డనునకు వేఁటకాండ్రు పేరులు చెప్పిరి. ఆ సంఘమువారి పూనికచేతనే 1851లోఁ జెన్నపురి ప్రభుత్వ వస్తుప్రదర్శనశాల వెలసినది. సాహిత్యపరిశోధనము, ప్రకృతిచరిత్రము నాఁడు ఒకే పత్రికలోఁ బ్రక్కప్రక్కలఁ గూర్చుండిన శాస్త్రములని నేఁటి పండితులు గమనింపఁదగును.

జెర్డను తూర్పుకనుమల పక్కనుండి తెప్పించిన యొక పక్షిని, 1848లో ఎడ్వర్డు బ్లైతు క్రొత్తజాతిగా వర్ణించెను. అతఁడు కలకత్తా ఏషియాటిక్ సొసైటీవారి ప్రదర్శనశాలకుఁ బాలకుఁడు. ఱొమ్మున రెండు పట్టెలుండుటచే 'బైటార్క్వేటస్', అనఁగా ద్వికంఠిక, యని పేరిడెను. జెర్డను దాని తెలుఁగుపేరు నాంగ్లలిపిలో వ్రాసియుంచెను. అది 'అడవి వుటతిత్తి' యన్నట్లు చదువఁబడుచున్నది. పరలిపిలోఁబడిన యీ శబ్దముయొక్క శుద్ధరూపమేదో విచారింపవలసియున్నది. 'తిత్తి' యనునది తీతువునకో, సంస్కృత టిట్టిభమునకో చుట్టమేమో యని నా యనుమానము. నిఘంటుకారులు దీనిని బరిశీలింతురు గాక. కడపమండలమున దీనికి 'కలివికోడి' యని పేరు. కలివిపొదల నడుమఁ దిరుగుటచే నీ పేరు వచ్చినదని తోఁచుచున్నది. శాస్త్రజ్ఞుఁడు ఱొమ్ముపట్టెలను జూచి పేరు పెట్టెను. పల్లెవాఁడు నెలవును జూచి పేరు పెట్టెను. ఆ నెలవును గనుఁగొనుటకుఁ బండిత నామముకంటె పల్లెపేరే దారిచూపఁగలదు.

తరువాత గోదావరిలోయలో సిరొంచ భద్రాచల ప్రాంతముల నీ పక్షి కనఁబడినది. 1900వ సంవత్సరమున హోవర్డు కాంబెల్ అనంతపురమునకుఁ జేరువ, పెన్నలోయలో దీని నమోదుచేసెను. అటుపైఁ గ్రంథములు మౌనము వహించినవి. 1929–31 నడుమ తూర్పుకనుమలయందు సాగిన వర్నే శాస్త్రపరిశోధనమునను ఇది దొరకలేదు. పక్షి నశించినదని పెక్కురు తలఁచిరి. 1986వ సంవత్సరము జనవరిలో, కడపమండలము రెడ్డిపల్లె చెంత, రాత్రివేళ దీపపుఁగాంతిలో ఒక స్థానికుఁడు దానిని బట్టెను. బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకుఁ జెందిన భరత్ భూషణ్ దానిని గుర్తించెను. 86 సంవత్సరముల పొరపాటునకు ముఖ్యకారణము, ఇది నిశాచరమగుట. పగటివేళ తుపాకితో వెదకినవారికి రాత్రివేళ పొదలలో నడయాడు పక్షి యెట్లు చిక్కును? పిమ్మటి పరిశోధకులు మెత్తని మట్టిపట్టెలు పఱచి అడుగుజాడలఁ జూచియు, రాత్రులఁ గూఁతను విని యంత్రములలోఁ బట్టియు దీని యునికిని గుర్తింప నేర్చిరి. 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్య మేర్పడెను. తెలుఁగుగంగ కాలువ దీని నెలవునకు హాని చేయనున్నదని తెలిసినపుడు కాలువదారియే మార్పఁబడెను.

ఇంక మూఁడవ సాక్ష్యము. స్కాట్లండునందలి ఆబర్డీను విశ్వవిద్యాలయ జంతుప్రదర్శనశాలలో నొక గ్రుడ్డు చిరకాలము పడియుండెను. దానిని అలన్ నాక్స్ అను పండితుఁడు పరీక్షించి, ఇది కలివికోడిది కావలయునని యూహించెను. ప్రదర్శనశాలలలోని పాత పక్షిచర్మముల కాలివ్రేళ్లనుండి తీసిన జన్యుద్రవ్యముతో గ్రుడ్డులోని దానిని సరిపోల్చి యా యూహను స్థిరపఱచిరి. 2013లో నీ వార్త వెల్లడియయ్యెను. అదివఱకు ఈ పక్షిదని నిర్ణీతమైన గ్రుడ్డు లేకుండెను. దానిని సేకరించినవాఁడు, కోలారు బంగారుగనులయందుఁ బశువైద్యుఁడుగా నుండిన యెర్నెస్టు గిల్బర్టు మీటన్ అనియు, కాలము 1917 అనియు నిర్ణయించిరి.

ఈ తేదిని జదువరులు నిదానించి చూడవలెను. 1900కును 1986కును నడుమ, గ్రంథములు పక్షి లేదని చెప్పిన దినములలో, కోలారుప్రాంతమున నిది గ్రుడ్లు పెట్టుచుండెనన్నమాట. కోలారు తెలుఁగువారు పెక్కురున్న సీమ. అనంతపుర పీఠభూమికి దక్షిణపుటంచు. దానికి సాక్ష్యము కడలికావల, పెట్టెలోఁ బడియున్నది. చదువువాఁడు రానంతవఱకు దానికి నోరు లేదు. మన యటుకలమీఁద కట్లు విప్పని తాళపత్రముల స్థితియు నిట్టిదే.

ఈ మూఁడు సాక్ష్యములను గలిపి చూచినపుడు అనంతపుర మండలమునకు సంబంధించిన యొక సిద్ధాంతము తేలుచున్నది. తూర్పునఁ గడప, దక్షిణమునఁ గోలారు: ఈ రెంటను బక్షి యుండినట్లు స్థిరపడినది. వాని నడుమ నున్న మన పీఠభూమిలో 1900 నాఁటి కాంబెల్ నమోదు కలదు. ఇఁక నది యొంటరి సాక్ష్యము గాదు. రెండువైపులనుండియు దానికి బలము చేకూఱినది. గుత్తి సాలెపురుగు విషయమునఁ జీటిలోని స్థలనామమును శంకింపవలసెను. కలివికోడి విషయమున దానిని మన్నింపవలసియున్నది. అన్నియెడల నమ్ముటయుఁ గాదు, అన్నియెడల శంకించుటయుఁ గాదు. జీవియొక్క స్వభావమును, నేలయొక్క స్వభావమును దెలిసి చీటిని జదువుటయే మార్గము.

దీనికిఁ బ్రయోజనము లేదందురా? అనంతపురసీమలో ముండ్లపొదలున్న నేలను రెవెన్యూ లెక్కలలో 'బంజరు' అందురు. బంజరనఁగా పనికిరాని దను భావము లోకమున నాటుకొన్నది. కాని కలివికోడి కోరునది యట్టి నేలనే: పొదలుండవలెను, పొదల నడుమ నెడముండవలెను, గొఱ్ఱెలమేపు మితముగా నుండవలెను. దట్టపుటడవియు దానికిఁ బనికిరాదు. చదునుచేసిన చేనును బనికిరాదు. నేఁడీ బంజరులలో గాలిమరలును, సౌరఫలకములును వెలయుచున్నవి. విద్యుత్తు వలదనువారెవ్వరును లేరు. అయినను, ఏమియు లేని నేలయని వ్రాయుటకుముందు, అచ్చట రాత్రివేళ నేమి తిరుగుచున్నదో విచారించుట న్యాయము. శూన్యమని చెప్పుటకును బ్రమాణము కావలెను. 86 ఏండ్ల మౌనము ప్రమాణము గాదని కోలారు గ్రుడ్డు చాటుచున్నది.

పల్లెబడుల పండితులకు నాదొక మనవి. గ్రామములలో వృద్ధులైన కాపరులును, వేఁటకాండ్రును పక్షులకు, పురుగులకు, పొదలకు వాడు పేరులను, ఆ పేరిటి జీవి యెచ్చట, ఏ ఋతువున, పగలో రాత్రియో కనఁబడునను వివరముతోఁగూడఁ దెలుఁగులిపిలోనే వ్రాసియుంచిన మేలు. చెప్పినవాని పేరును, ఊరిని, తేదిని గూడఁ జేర్పవలెను. జెర్డను చెవికిఁ దగిలిన 'వుటతిత్తి' పరలిపిలోఁ జిక్కి రూపుచెడినది. ఆ పేరు చెప్పిన వేఁటకాని పేరు చీటికెక్కలేదు. ఆ రెండు లోపములు మఱల రాకుండఁ జేయుట మనచేతిలోని పని.