విధేయతకి పాయింట్లు

2017 అక్టోబరులో మాడిసన్‌లో దక్షిణాసియా సదస్సుకి వెళ్తూ దారిలో నాలుగు రాత్రులు షికాగోలో ఆగాను. అక్కడి విశ్వవిద్యాలయం లైబ్రరీలో, పిఎల్-480 పథకం కింద 1960లలో చేరడం మొదలైన తెలుగు పుస్తకాలున్నాయి. అప్పట్లో నేను తెలుగు స్త్రీల యాత్రారచనల కోసం వెతుకుతున్నాను. మన ఊళ్ళలో చెదలు తినేసిన పుస్తకాలు కొన్నయినా అక్కడ దొరుకుతాయని ఆశ. గది అద్దె ఫెలోషిప్ డబ్బుల్లోంచి కట్టారు. అదొక పేరున్న చెయిన్ హోటల్.

"మీరు మా మెంబరేనా?" అని అడిగింది కౌంటర్లో అమ్మాయి. కాదన్నాను. రెండు నిమిషాల్లో చేర్చేసింది. పాస్‌పోర్టు చూసింది, ఈమెయిలు అడిగింది, అంతే. తండ్రి పేరూ భర్త పేరూ అడగలేదు. వెంట ఎవరొచ్చారని అడగలేదు. తాళం కార్డు ఇస్తూ నన్ను పేరుపెట్టి పిలిచి స్వాగతం చెప్పింది. నవ్వకండి, నాకు గొంతులో ఏదో అడ్డుపడింది.

ఎందుకో చెప్పాలి. అంతకు నాలుగేళ్ళ ముందు పిహెచ్‌డి పని మీద కోస్తాలో ఒక పట్నానికి వెళ్ళాను. పాత పత్రికలున్న ఇంట్లో సాయంత్రం ఏడయిపోయింది. బస్టాండు ఎదురుగా ఉన్న లాడ్జికి వెళితే, రిజిస్టరు ముందున్న ఆయన నా మొహం చూడకుండా నా వెనక్కి చూశాడు. "మీతో ఎవరూ రాలేదామ్మా?" లేదన్నాను. "సింగిల్ లేడీస్‌కి ఇవ్వమండీ, ఓనరుగారు ఒప్పుకోరు." ఆయన వెనక గోడకి తాళాలు వేలాడుతూనే ఉన్నాయి. యూనివర్సిటీ ఐడీ కార్డు చూపించాను. దాంతో అనుమానం ఇంకా పెరిగినట్టుంది. ఆ రాత్రి మా గైడుగారి వదినగారింట్లో పడుకున్నాను. "ముందే ఇటు రావలసింది కదమ్మా, లాడ్జీల చుట్టూ తిరగడమేమిటి" అని ఆవిడ నన్నే కోప్పడింది.

ఒంటరి స్త్రీని గుమ్మం దగ్గరే నిలబెట్టే ఆ చూపు మన పట్నాలది మాత్రమే అనుకునేదాన్ని. తర్వాత చదువుతూ పోతే, నాకు స్వాగతం చెప్పిన ఆ దేశపు హోటళ్ళ చరిత్రలోనూ అదే చూపు కనిపించింది. 1907లో న్యూయార్క్‌లో హారియట్ స్టాంటన్ బ్లాచ్, ఇంకో మిత్రురాలు కలిసి హాఫ్‌మన్ హౌస్ అనే హోటల్‌కి భోజనానికి వెళ్ళారు. వెంట మగవాళ్ళు లేని స్త్రీలకి సాయంత్రం పూట వడ్డించమన్నారు అక్కడివాళ్ళు. బ్లాచ్ అనామకురాలు కాదు. ఓటు హక్కు కోసం పోరాడిన ఎలిజబెత్ కేడీ స్టాంటన్ కూతురు, తనూ ఆ ఉద్యమంలో నాయకురాలే. కోర్టుకి వెళ్ళింది. ఓడిపోయింది. హోటల్ వాళ్ళ వాదన మనం ఎన్నోసార్లు విన్నదే: మర్యాదస్తులైన స్త్రీల రక్షణ కోసమే ఈ నియమం. మర్యాదస్తురాలిని మరొకరి నుంచి వేరుగా గుర్తుపట్టే మార్గం ఏమిటంటే, పక్కన మగవాడు ఉండడం! ఉద్యోగాల కోసం నగరాలకి వస్తున్న స్త్రీలకి ఇదెంత ఇబ్బందో, 1903లో అదే నగరంలో కేవలం స్త్రీల కోసం తెరిచిన మార్తా వాషింగ్టన్ హోటల్ చెబుతుంది.

ఇంకా ఆశ్చర్యపరిచింది 1964 నాటి పౌరహక్కుల చట్టం. హోటళ్ళలో, భోజనశాలల్లో జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఎవరినీ వెళ్ళగొట్టకూడదంది ఆ చట్టం. నల్లజాతి స్త్రీలకి, పురుషులకి అది ఎంత పెద్ద విజయమో వేరే చెప్పక్కర్లేదు. అయితే అదే చట్టంలో ఉద్యోగాల గురించిన భాగంలో చేరిన స్త్రీ పురుష భేదం, హోటళ్ళ గురించిన భాగంలో చేరలేదు. అందుకే 1969 ఫిబ్రవరిలో బెట్టీ ఫ్రీడన్, ఆమె సహచరులు న్యూయార్క్ ప్లాజా హోటల్లో మధ్యాహ్నం మగవాళ్ళకి మాత్రమే కేటాయించిన ఓక్ రూమ్‌లోకి వెళ్ళి కూర్చోవలసి వచ్చింది. వెయిటర్లు వచ్చి వాళ్ళ ముందున్న బల్లని ఎత్తుకుపోయారు. కొద్ది నెలలకి ఆ నియమం పోయింది. స్త్రీకి తన పేరు మీద అప్పు, క్రెడిట్ కార్డు ఇవ్వడానికి వివక్ష చూపకూడదన్న చట్టం 1974లో గాని రాలేదు. కార్డు లేకుండా గది దొరకని కాలం వస్తోంది కాబట్టి, హోటల్ చరిత్రలో ఇది చిన్న విషయం కాదు.

ఇక ఈ మెంబర్‌షిప్పుల సంగతి. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ప్రయాణించిన మైళ్ళు లెక్కగట్టి ఉచిత టిక్కెట్లివ్వడం మొదలుపెట్టింది. 1983లో హాలిడే ఇన్, మారియట్ ఆ పద్ధతిని హోటళ్ళలోకి తెచ్చాయి. దీనికి లాయల్టీ ప్రోగ్రామ్ అని పేరు. లాయల్టీ అంటే విధేయత. మన అమ్మమ్మలు జన్మంతా చేసిన పనే. దానికి పాయింట్లు వేసి, పోగైనన్ని రాత్రులు ఉచితంగా ఇచ్చిన వాళ్ళని నేను మొదటిసారి చూశాను.

ఈ పథకంలో కీలకం ఎక్కడుందంటే, అద్దె కట్టేది ఒకరు, పాయింట్లు అందుకునేది మరొకరు. కంపెనీ కట్టిన రాత్రులకి పాయింట్లు బస చేసిన మనిషి సొంత ఖాతాలో పడతాయి. 1983లో కంపెనీ ఖర్చుతో నెలకి పది రాత్రులు ఊళ్ళు తిరిగే మేనేజర్లు, సేల్స్‌వాళ్ళు ఎక్కువగా ఎవరు? గదులు బుక్ చేసింది చాలాచోట్ల ఆఫీసులో సెక్రటరీ. ఆ పది రాత్రులూ ఇంట్లో పిల్లల్ని చూసుకున్నది భార్య. వాళ్ళ రాత్రులు ఏ ఖాతాలోనూ జమ కాలేదు. ఆ ఖాతాలు నా వంటి వాళ్ళదాకా రావడానికి, ఆడవాళ్ళు ప్రయాణాలుండే ఉద్యోగాల్లోకి రావాలి. వచ్చారు. మన దేశంలో కూడా ఐటీసీ హోటళ్ళు ఒంటరిగా వచ్చే ఉద్యోగినుల కోసం 'ఈవా' పేరుతో విడిగా గదులు పెట్టాయి. నాకు గది లేదన్న లాడ్జికీ, ఆ గదులకీ మధ్య ఉన్నది జీతం తేడా.

షికాగో గదిలో మంచం మీద ఒక అట్ట ఉంది. ఈరోజు గది శుభ్రం చేయనక్కర్లేదనుకుంటే దీన్ని తలుపుకి తగిలించండి, నీళ్ళూ కరెంటూ ఆదా అవుతాయి, మెంబర్లకి రోజుకి ఇన్ని పాయింట్లు అదనం. అప్పటికి చాలా హోటళ్ళలో ఉన్న పద్ధతే. దుప్పట్లు రోజూ మార్చడం నాకూ దుబారాగానే తోచింది. పైగా నా మంచం నేను సర్దుకోలేనా? మూడు రోజులు వరుసగా తగిలించాను.

మూడో రోజు సాయంత్రం లైబ్రరీ నుంచి వస్తుంటే వరండాలో మా అమ్మ వయసామె తువ్వాళ్ళ బండి తోసుకుంటూ ఎదురైంది. అట్ట చూపించి, ఏమైనా కావాలా అని అడిగింది. వద్దు, మీకు పని తగ్గిస్తున్నాను కదా అన్నాను, నవ్వుతూ. ఆమె నవ్వలేదు. "పని తగ్గితే రమ్మనడం కూడా తగ్గిస్తారు మిస్. ఈ వారం నాకు మూడు రోజులే" అంది స్పానిష్ యాసలో. ఒక్క క్షణం ఆగి, మూడు రోజులు ముట్టుకోని స్నానాల గదిని తోమడానికి పట్టే సమయం మాత్రం ఎవరూ పెంచరని చెప్పింది. రెండు షాంపూ సీసాలు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

గదిలోకి వెళ్ళి అక్కడి పత్రిక తెరిస్తే, హోటళ్ళలో పనిచేసే స్త్రీల గురించే వార్త. గదుల్లో ఒంటరిగా పనిచేసే వాళ్ళకి ఆపదలో నొక్కడానికి అత్యవసర బటన్ ఇవ్వాలని షికాగో నగరపాలక మండలి ఆ నెలలోనే శాసనం చేసింది. దాని వెనక కార్మిక సంఘం చేసిన సర్వే ఉంది. అతిథులు నగ్నంగా తలుపు తీయడమో, ఒళ్ళు చూపించడమో తమకి అనుభవమేనని గదులు శుభ్రం చేసే స్త్రీలలో దాదాపు సగం మంది అందులో చెప్పారు. ఒంటరి స్త్రీ అనుమానించదగ్గ మనిషని అద్దెకిచ్చేవాళ్ళు శతాబ్దం పైగా గుమ్మం దగ్గరే ఆపారు. అదే గదుల్లోకి ఒంటరి స్త్రీలని చీపురిచ్చి రోజూ పంపిస్తూనే ఉన్నారు. నా యాత్రారచనల జాబితాలో ఆ రెండో స్త్రీకి చోటు పెట్టాలని నాకు అప్పటిదాకా తోచలేదు.

మరుసటి ఏడాది సెప్టెంబరులో షికాగోలో 26 హోటళ్ళ కార్మికులు సమ్మె చేశారు. చలికాలంలో గిరాకీ లేదని పనిలోంచి ఆపేసినప్పుడు ఆరోగ్య బీమా కూడా ఆగిపోయేది. ఏడాది పొడుగునా అది ఉండాలన్నది ముఖ్యమైన కోరిక. అక్టోబరులో ఎనిమిది నగరాల్లో సుమారు 7,700 మంది మారియట్ కార్మికులు పని ఆపారు. బతకడానికి ఒక్క ఉద్యోగం సరిపోవాలన్నది వాళ్ళ నినాదం. శుభ్రం వద్దన్న వాళ్ళకి పాయింట్లిచ్చే పథకం కూడా వాళ్ళ ఫిర్యాదుల్లో ఒకటి. నీళ్ళు ఆదా అయ్యే మాట అబద్ధం కాదు. కానీ ఆ పాయింట్ల ఖర్చులో కొంత ఆమె రాని రోజుల జీతంలోంచి వస్తుంది.

ఆ సాయంత్రమే అట్ట తీసి బల్ల సొరుగులో పెట్టాను. మర్నాడు ఖాళీ చేసేటప్పుడు కౌంటర్లో అమ్మాయి రసీదు ఇస్తూ, అదనపు పాయింట్లు కూడా జమయ్యాయని సంతోషంగా చెప్పింది. ఆ మొత్తం ఇప్పటికీ ఎవరైనా అడిగితే చెప్పగలను. దాంతో ఎక్కడా ఒక్క రాత్రికి గది రాదు.