మూడో వంతు పాపం, మరచిపోయిన వరం

1948 నవంబర్ 29న రాజ్యాంగ సభ అస్పృశ్యతను నిషేధించే అధికరణాన్ని చర్చకు తీసుకుంది. ముసాయిదాలో అది పదకొండవది, తరువాత పదిహేడవదయింది. ఆనాడు కె.టి. షా సభ ముందు ఒక సందేహం ఉంచారు. అస్పృశ్యత అన్న మాటకు ముసాయిదాలో ఎక్కడా నిర్వచనం లేదు. స్త్రీలను కూడా కొన్ని రోజులలో అంటరానివారుగా చూస్తారన్నది అందరికీ తెలిసిన సంగతే. మరి అదీ ఈ అధికరణం కింద నేరమవుతుందా అని ఆయన అడిగారు. మతం లేదా కులం కారణంగా పాటించే అంటరానితనానికే నిషేధాన్ని పరిమితం చేయాలని నజీరుద్దీన్ అహ్మద్ సవరణ ప్రతిపాదించారు. అంబేద్కర్ ఆ సవరణను అంగీకరించలేదు. షా సందేహానికి సమాధానమూ చెప్పలేదు. మహాత్మాగాంధీకి జై అన్న నినాదాల నడుమ అధికరణం ఆమోదం పొందింది.

షా ప్రశ్న అంటుకోవచ్చునా, కూడదా అన్నంతవరకే. ఆ రోజులలో స్త్రీ దేహానికి ఏది హాయి, ఏది బాధ, ఆమెకు కోరిక కలిగితే దానికి తావేది అన్న విచారణ ఆ సభలో రాలేదు; వచ్చే కాలమూ కాదు. కాని అంతకు ముందు రెండు వేల ఏళ్లకు పైబడిన వాఙ్మయాన్నీ, ఆ తరువాతి డెబ్బై ఏళ్ల చట్టసభల చర్చలనూ తిరగేసినా ఆ విచారణ అరుదుగానే కనిపిస్తుంది. రుతుస్రావం గురించి ఈ ఉపఖండం మాట్లాడినంతగా మరే దేహధర్మం గురించీ మాట్లాడి ఉండదు. ఆ మాటలలో రుతుమతి సుఖం ఒక్కటే లోపించింది.

తెలుగునే చూడవచ్చు. స్పర్శకు పేరైన ‘ముట్టు’ అన్న మాటే, స్పర్శ నిషిద్ధమైన స్థితికీ పేరయింది. ‘బహిష్టు’ అంటే వెలుపల ఉన్నది. ‘బయట చేరింది’, ‘దూరంగా ఉంది’, ‘మైల’, ‘అంటు’ ఇవన్నీ ఆమెకూ ఇతరులకూ నడుమ ఉండవలసిన ఎడాన్ని కొలిచే మాటలే. ‘నెలసరి’ ఒక్కటే కాస్త తటస్థంగా కాలాన్ని లెక్కపెడుతుంది. కడుపులో మెలిపెట్టే నొప్పికీ, నడుము లాగుడుకూ, ఆ రోజులలో కొందరిలో హెచ్చే కోరికకూ ఈ పదజాలంలో చోటు లేదు.

ఈ ఎడబాటుకు మూలకథ తైత్తిరీయ సంహిత రెండవ కాండలో ఉంది. తెలుగు బ్రాహ్మణులలో అధికసంఖ్యాకులు అనుసరించే శాఖ ఇదే. త్వష్ట కుమారుడైన విశ్వరూపుణ్ణి ఇంద్రుడు వధించాడు. బ్రహ్మహత్యా పాపాన్ని ఏడాదిపాటు మోశాడు. లోకం వేలెత్తి చూపితే ఆ పాపాన్ని పంచిపెట్టడానికి బయలుదేరాడు. భూమి ఒక వంతు తీసుకుంది. తవ్విన గొయ్యి తిరిగి పూడే వరం పొందింది. చెట్లు ఒక వంతు తీసుకున్నాయి. నరికిన చోట మళ్లీ చిగురించే వరం పొందాయి. మిగిలిన మూడో వంతును స్త్రీలు తీసుకున్నారు. అదే రజస్సు అయిందని కథ. అయితే స్త్రీలూ వరం కోరారు: రుతువు వలన సంతానం కలగాలి, ప్రసవం వరకూ ఇష్టానుసారం రతిసుఖం దక్కాలి. ఇంద్రుడు సరేనన్నాడు. భాగవతం ఆరవ స్కంధంలో ఈ పంపకం నాలుగు వంతులుగా మారింది, నీరు కూడా భాగస్వామి అయింది. అక్కడా స్త్రీలకు దక్కిన వరం ఎడతెగని కామమే.

పాపాన్నీ సుఖాన్నీ ఒకే ఒప్పందంలో ఇచ్చిన కథ ఇది. పాపం వేరొకరిది, మోసినవారు స్త్రీలు, దానికి ప్రతిఫలం వారి కోరికకు గుర్తింపు. ఆ ఒప్పందంలో మొదటి సగాన్ని సంప్రదాయం అక్షరాలా అమలు చేసింది. భాద్రపద శుద్ధ పంచమినాటి ఋషిపంచమి వ్రతం రూపంలో, ఆ రోజులలో తెలిసీ తెలియక జరిగిన ‘దోషాలకు’ నేటికీ ప్రాయశ్చిత్తం చేయిస్తున్నది. రెండవ సగాన్ని మరచిపోయింది.

ఆ మరపు ఎలా పనిచేసిందో అదే సంహిత చూపుతుంది. మలినవస్త్రతో మాట్లాడరాదు, కలిసి కూర్చోరాదు, ఆమె అన్నం తినరాదు. ఆమె స్నానం చేసినా, తల దువ్వుకున్నా, కాటుక పెట్టుకున్నా, పళ్లు తోముకున్నా, గోళ్లు తీసుకున్నా పుట్టబోయే బిడ్డకు ఒక్కొక్క లోపం కలుగుతుందని హెచ్చరిక. సుశ్రుతుని శారీరస్థానం ఈ పట్టికనే వైద్యశాస్త్రంలోకి తెచ్చింది. మనుస్మృతి నాలుగవ అధ్యాయం, రజస్వలను సమీపించిన పురుషునికి ప్రజ్ఞ, తేజస్సు, బలం, చూపు, ఆయుర్దాయం నశిస్తాయని చెప్పి, ఒకే పడక మీద శయనించడాన్ని కూడా నిషేధించింది. ఒకచోట నష్టం బిడ్డకు, మరొకచోట పురుషునికి. వేదన పడుతున్న మనిషికి ఏమవుతున్నదన్న లెక్క ఈ శాసనాలలో లేదు. ఆ వేదన తెలియక కాదు. చరకుడు చికిత్సాస్థానంలో ఉదావర్తిని అన్న వ్యాధిని వర్ణించాడు: నొప్పితో రజస్సు ఆగి ఆగి రావడం, స్రావం కాగానే ఉపశమనం కలగడం దాని లక్షణాలు. వైద్యుడు చూసిన నొప్పిని ధర్మశాస్త్రకారుడు చూడలేదు.

ఉపఖండంలోని ఇతర సంప్రదాయాలు ఈ గీతను వేర్వేరు చోట్ల గీశాయి. ఖురాన్ రెండవ అధ్యాయం ఆ రోజులలో సంగమాన్ని నిషేధించింది. భార్యను పడక నుండీ పంక్తి నుండీ వెలివేయమనలేదు. మిగిలిన సాన్నిహిత్యం ఎంతవరకు అన్నది ఫిఖా పండితులు బహిరంగంగానే చర్చించారు. దక్షిణాసియాలో అధికులు పాటించే హనఫీ సంప్రదాయం నాభికీ మోకాలికీ నడుమ భాగాన్ని మినహాయించగా, హంబలీ పండితులు సంగమం తప్ప తక్కినదంతా అనుమతించారు. చర్చ పురుషునికి ఏది సమ్మతమన్న కోణం నుండే సాగినా, స్పర్శ అక్కడ దోషం కాలేదు.

బెంగాల్ బావుల్ ఫకీర్ల సాధన మరింత ముందుకు పోయింది. స్రావం సాగే మూడు రోజులనే వారు సాధనకు శ్రేష్ఠమైన కాలంగా ఎంచుకున్నారు. లాలన్ ఫకీర్ సంప్రదాయపు గూఢభాషలో ఆ రోజులు అమావాస్యనాడు ఉదయించే పున్నమి. అస్సాంలో నీలాచలం మీద కామాఖ్య ఆలయాన్ని ఏటా ఆషాఢంలో అంబుబాచి వేళ మూడు రోజులు మూసి, నాలుగవనాడు తెరుస్తారు; దేవి రజస్సును సూచించే ఎర్రని వస్త్రపు ముక్క భక్తులకు మహాప్రసాదం. కాని దేవత రక్తం ప్రసాదమైనచోట కూడా మానుష స్త్రీ రక్తం మైలగానే మిగిలింది. బావుల్ సాధనలోనూ ఆమె తన సుఖం కోసం వచ్చిన భాగస్వామా, సాధకుని సిద్ధికి ఉపకరణమా అన్న వివాదం పరిశోధకులలో తెగలేదు.

హాయికి దగ్గరగా వచ్చిన ఆచారం ఒడిశాలో ఉంది. శ్రీకాకుళం సరిహద్దు దాటగానే జూన్ నడుమ మూడు రోజులపాటు జరిగే రజొ పండుగ అది. రజస్వల అన్న మాట నుండే ఆ పేరు వచ్చింది. భూదేవి రుతుమతి అయిందని రైతులు నాగలి ముట్టరు, నేల తవ్వరు. ఆడపిల్లలు ఇంటిపని చేయరు. కొత్త బట్టలు కట్టి, ఉయ్యాలలూగి, పొడొపిఠా తిని, తాంబూలం వేసుకుంటారు. నాలుగవనాడు వసుమతీ స్నానం. విశ్రాంతిని శిక్షగా కాక పండుగగా ఇచ్చిన ఏర్పాటు ఇది. ఏడాదిలో ఒక్కసారి, భూమి పేరిట.

ఈ మైల వాదనను లోపలి నుండి ఎదిరించినవారూ ఉన్నారు. పద్నాలుగవ శతాబ్దపు మరాఠీ భక్తకవయిత్రి సోయరాబాయి, చోఖామేళా భార్య, దేహమంతా మైల నుండే పుట్టినదైతే మైల లేని దేహమేదని నిలదీసింది. కులం చేతా స్త్రీత్వం చేతా రెండుమార్లు అంటరానిదైన మనిషి వేసిన ప్రశ్న అది. రాజ్యాంగ సభలో షా లేవనెత్తిన సందేహానికి ఆరు వందల ఏళ్ల పూర్వరూపం.

వలసపాలనలో రుతుస్రావం తొలిసారి శాసనసభకెక్కింది. కలకత్తాలో ఫూల్‌మణి అనే పదీ పదకొండేళ్ల బాలిక భర్త బలాత్కారం వల్ల మరణించింది. పదేళ్లు దాటిన భార్యపై అత్యాచారం నేరం కాదన్న శిక్షాస్మృతి మినహాయింపు వల్ల 1890లో అతనికి ఏడాది కఠిన కారాగార శిక్షతో సరిపోయింది. ఆ తరువాత 1891 మార్చిలో వచ్చిన సమ్మతి వయసు చట్టం ఆ పరిమితిని పన్నెండుకు పెంచింది. దాన్ని ప్రతిఘటించిన సంప్రదాయవాదుల ప్రధాన వాదన గర్భాధానం. తొలి రజస్సు కనిపించగానే ఆ సంస్కారం జరగాలని, పన్నెండేళ్లకు ముందే పిల్ల రజస్వల అయితే చట్టం మతానికి అడ్డు వస్తుందని వారన్నారు. తిలక్ పరాయి ప్రభుత్వానికి ఈ విషయంలో జోక్యం చేసుకునే హక్కు లేదన్నారు. నెలనెలా స్త్రీని దూరం పెట్టిన రక్తమే, తొలిసారి కనిపించినప్పుడు ఒక పసిదానిపై పురుషుని హక్కుకు ముద్ర అయింది. ఆ వివాదంలో సమ్మతి అన్న మాట చట్టం పేరులోనే ఉంది. అది ఏళ్ల లెక్కే తప్ప ఎవరి ఇష్టమూ కాదు.

ఇష్టం అన్న మాటను బహిరంగంగా పలికిన తరం ఆ తరువాతది. బొంబాయిలో ర.ధో. కర్వే 1927 నుండి నడిపిన ‘సమాజ స్వాస్థ్య’ మరాఠీ పత్రిక, స్త్రీకి కూడా లైంగికసుఖం మీద పురుషునితో సమానమైన హక్కు ఉందని వాదించింది. పాఠకుల లైంగిక సందేహాలకు సమాధానాలిచ్చినందుకు ఆయనపై అశ్లీలత కేసు పెట్టారు. 1934లో ఆయన పక్షాన వాదించిన న్యాయవాది అంబేద్కర్. కేసు ఓడిపోయారు. అదే కాలంలో తెలుగునాట చలం, స్త్రీకి శరీరం ఉందన్న సంగతిని గుర్తు చేసినందుకు నిందలు మోశాడు.

స్వతంత్ర భారతంలో చర్చ మళ్లీ గుడి గుమ్మం దగ్గరకే చేరింది. 2018 సెప్టెంబర్ 28న శబరిమల తీర్పులో సుప్రీంకోర్టు 4–1 ఆధిక్యంతో, పది నుండి యాభై ఏళ్ల మధ్య స్త్రీల ప్రవేశ నిషేధాన్ని కొట్టివేసింది. రుతుస్రావం పేరిట వెలి కూడా పదిహేడవ అధికరణం నిషేధించిన అస్పృశ్యతేనని జస్టిస్ చంద్రచూడ్ రాశారు. షాకు డెబ్బై ఏళ్ల తరువాత జవాబు దొరికింది. మరుసటి ఏడు నవంబర్‌లో అదే న్యాయస్థానం విస్తృత ప్రశ్నలను పెద్ద ధర్మాసనానికి నివేదించింది. నేపాల్ అనుభవం చట్టం బలాన్నీ పరిమితినీ కూడా చూపింది. ఛౌపదీని అక్కడి సుప్రీంకోర్టు 2005లో తప్పుబట్టింది, 2017 చట్టం దాన్ని శిక్షార్హం చేసింది. అయినా పశ్చిమ జిల్లాలలో ఆ గుడిసెలలో పొగకూ చలికీ పాముకాటుకూ స్త్రీలు చనిపోతూనే వచ్చారు.

సెలవు వాదం మరో పాయ. 1992లో బీహార్ మహిళా ఉద్యోగులు ఆందోళన చేసి నెలకు రెండు రోజుల సెలవు సాధించారు. 2023 డిసెంబర్‌లో రాజ్యసభలో కేంద్ర మంత్రి స్మృతి ఇరానీ, రుతుస్రావం వైకల్యం కాదని, ప్రత్యేక సెలవు అక్కరలేదని అన్నారు. 2024 జూలైలో సుప్రీంకోర్టు, తప్పనిసరి సెలవు యజమానులను స్త్రీల నియామకానికి విముఖులను చేయవచ్చని, అది ప్రభుత్వ విధానానికి సంబంధించినదని చెప్పింది. 2018 జూలైలో శానిటరీ న్యాప్‌కిన్లపై 12 శాతం జీఎస్టీ తొలగింది. పదిహేను నుండి ఇరవైనాలుగేళ్ల స్త్రీలలో పరిశుభ్రమైన పద్ధతులు వాడేవారు నాలుగవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 57.6 శాతం, అయిదవదానిలో 77.3 శాతం. మేలైన మార్పే. అయితే సర్వే లెక్కపెట్టేది ఏ గుడ్డ వాడారన్నదాన్ని. ఎంత నొప్పి పడ్డారన్నదాన్ని కాదు.

లెక్కపెట్టని నొప్పి ఎక్కడికి పోతుందో మరాఠ్వాడా చెబుతుంది. బీడ్ జిల్లాలో చెరకు నరికే కూలీలు, పనికి రాని రోజుకు గుత్తేదారు జరిమానా వేస్తాడని, చిన్న వయసులోనే గర్భసంచులు తీయించుకున్నారు. 2019లో ఈ సంగతి బయటపడి మహారాష్ట్ర ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేయవలసి వచ్చింది. ఈ శస్త్రచికిత్స అత్యధికంగా జరిగే రాష్ట్రాలుగా ఆ జాతీయ సర్వేలే చూపినవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. నెలకు రెండు రోజుల విశ్రాంతి ఖరీదైనదని తేల్చిన వ్యవస్థలో అవయవమే చవకయింది.

వైద్యం ఇప్పుడు చెప్పగలిగినది సరళమే. గర్భాశయపు పొరలో ప్రోస్టాగ్లాండిన్లు పెరిగి కండరాన్ని బిగించడమే మామూలు నెలసరి నొప్పికి కారణం. వేడి కాపడం, తగిన మందు, కదలిక దాన్ని తగ్గిస్తాయి. స్రావం మొదలైన తొలి గంటలలో భావప్రాప్తి వల్ల నొప్పి సడలిందని చెప్పిన స్త్రీల అనుభవాలను మాస్టర్స్, జాన్సన్‌లు 1966లోనే నమోదు చేశారు. ఇద్దరికీ ఇష్టమైతే ఆ రోజులలో కలయిక హానికరం కాదు; సుఖవ్యాధుల నుండి, అవాంఛిత గర్భం నుండి రక్షణ మాత్రం అప్పుడూ అవసరమే. ఇష్టం లేకపోతే వద్దనడానికి ఏ శాస్త్రమూ సాక్ష్యం చెప్పనక్కరలేదు. పని చేసుకోలేనంత నొప్పి ప్రతినెలా వస్తే అది ఓర్చుకోవలసినది కాదు, వైద్యునికి చూపించుకోవలసినది.

పాత వెలిలో కొందరు స్త్రీలు విశ్రాంతిని వెతుక్కున్నారన్నది నిజం. మూడు రోజులు వంటింటి చాకిరీ తప్పిందని, ఎవరూ పడకకు పిలవలేదని చెప్పే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వద్దనే హక్కు లేని కాపురంలో మైల ఒక్కటే సాకు. అందుకే వెలిని ఎత్తివేయడంతో పని పూర్తికాదు. ఆ సాకు ఇచ్చిన విశ్రాంతిని హక్కుగానూ, ఆ సాకు దాచిన నిరాకరణను మాటగానూ మార్చవలసి ఉంది. వివాహంలో బలాత్కారాన్ని నేరంగా గుర్తించడానికి నేటికీ తటపటాయిస్తున్న చట్టసభకు ఇది చిన్న పని కాదు.

తైత్తిరీయ కథలో గొయ్యి పూడే వరం భూమికీ, చిగురించే వరం చెట్లకూ ఇంకా చెల్లుతూనే ఉన్నాయి. ఇంద్రుడు మూడవ మాట కూడా ఇచ్చాడు. అది అడిగినది స్త్రీలే.