కమాను కట్ట నుంచి కాయిలోవర్ దాకా: కేతేపల్లి బాటలో బండి కుదుపుల చరిత్ర

హైదరాబాదు నుంచి విజయవాడకు వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి నకిరేకల్ దాటిన తరువాత, టేకుమట్ల దగ్గర మూసీ వంతెన ఎక్కి సూర్యాపేటకు చేరే ముందు, నల్లగొండ జిల్లా కేతేపల్లి మండలం గుండా సాగుతుంది. చల్క నేలలు, బండరాళ్ళ గుట్టలు, చెరువు కట్టలు, వానాకాలంలో పొంగే వాగులు గల ఈ మెట్ట ప్రాంతంలో బండి ఎలా ఉండాలన్నది ప్రతి కాలంలోనూ దానిని చేసినవాడికంటే అది నడిచే దారే ఎక్కువగా నిర్ణయించింది. చక్రానికీ పైకట్టుకీ నడుమ నిలిచి కుదుపును మింగే ఏర్పాటును సస్పెన్షన్ అంటారు. వేగానికి పేరుపడ్డ కార్లకు సర్దుబాటు చేసుకోగల సస్పెన్షన్ బిగించుకునే అలవాటు ఇటీవల పెరుగుతున్నందువల్ల, ఆ సర్దుబాటు అనే ఆలోచన ఈ బాట మీదికి ఎలా వచ్చిందో, దేనికోసం వచ్చిందో తెలుసుకోవడం అవసరం.

17వ శతాబ్దంలో గోల్కొండ, మచిలీపట్నాల నడుమ తిరిగిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు జాన్ బాప్టిస్ట్ తావెర్నియే, ఈ ప్రాంతంలో చక్రాల బండి నడవడం ఎంత కష్టమో తన యాత్రా గ్రంథంలో రాశాడు. గుట్టలు, చెరువులు, వాగులు అడుగడుగునా అడ్డం వచ్చే ఈ దేశంలో తన చిన్న బండిని చెడ్డ చోట్లకు వచ్చినప్పుడల్లా విప్పి, దాటించి, మళ్ళీ బిగించుకోవలసి వచ్చిందని ఆయన చెప్పాడు. అందువల్లనే ఉప్పు, ధాన్యం, బట్టల మూటలు చాలాకాలం పెరికె ఎద్దుల వీపుల మీదనే సాగాయి. లంబాడీల బిడారులు ఈ రవాణాకు ఆయువుపట్టుగా ఉండేవి. కలిగినవారు మేనాల్లో ప్రయాణించేవారు. ఆ ప్రయాణం మెత్తగా సాగడానికి కుదుపునంతా వెట్టికి కట్టుబడిన బోయీల భుజాలే భరించాయన్న సంగతిని రవాణా చరిత్ర రాసేవారు మరువరాదు.

దారి కొంత చదునైన తరువాత వ్యాపించిన ఎడ్లబండికి, మనుషుల ప్రయాణానికి వాడిన కచ్చరానికి కమానులు, అంటే వంగి మళ్ళీ లేచే ఉక్కు స్ప్రింగులు, లేవు. ఇనుప పట్టా తొడిగిన కర్ర చక్రం, ఇరుసు, దానిమీద నేరుగా కూర్చున్న నొగలు, ఇంతే ఆ నిర్మాణం. కూర్చునేవారి కింద పరచిన వరిగడ్డి తప్ప కుదుపును ఆపేది ఏదీ ఉండేది కాదు. ఇంగ్లండులో ఒబడయా ఇలియట్ 1804లో బండ్లకు అండాకారపు ఉక్కు కమానులు అమర్చే పద్ధతికి పేటెంటు పొందినప్పటికీ, తెలంగాణ రైతు బండికి అది చేరలేదు. ఇందుకు కారణం అజ్ఞానమని కొందరు పరిశీలకులు అనుకున్నారు గాని, ఆ అభిప్రాయం సరైనది కాదు. గంటకు నాలుగైదు కిలోమీటర్లు మించని నడకలో కమాను వల్ల కలిగే లాభం తక్కువ. పైగా వడ్రంగి, కమ్మరి ఊళ్ళోనే బాగుచేయగల బండి రైతుకు ముఖ్యం. గాలి టైర్ల బండ్లు వచ్చాక ఎద్దుల మెడ మీది భారం తేలికపడిందే తప్ప కమాను అవసరం అప్పుడూ కలగలేదు.

ఈ ప్రాంతపు రవాణాలో ఉక్కు కమాను నిజమైన పని మొదలుపెట్టింది బస్సులతో. నిజాం ప్రభుత్వ రైల్వే సంస్థలో భాగంగా రోడ్డు రవాణా శాఖ 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రారంభమైంది. ఆ తొలి బస్సులు స్కాట్లండులోని ఆల్బియన్ కంపెనీవి. అప్పటి బస్సులన్నిటిలాగే వాటి కింద ఉన్నది కమాను కట్ట, అంటే పొడవు తగ్గుతూ పోయే ఉక్కు పట్టీలను ఒకదాని కింద ఒకటి పేర్చి, నడుమ సెంటర్ బోల్టు వేసి, యూ బోల్టులతో ఇరుసుకు బిగించిన కట్ట. పై పట్టీ రెండు కొనలను గుండ్రంగా చుట్టి, ఆ రంధ్రాలలో బుష్షులు దించి, ఒక కొనను నేరుగా ఛాసిస్‌కూ రెండవ కొనను షాకిల్ అనే ఊగే కొక్కేనికీ తగిలిస్తారు. బరువుకు పట్టీలు చదునై కట్ట పొడవు పెరిగినప్పుడు షాకిల్ వెనక్కి జరిగి చోటిస్తుంది. పట్టీల మధ్య రాపిడి కూడా కుదుపును కొంత చల్లార్చుతుంది కాబట్టి ఈ ఒక్క సామానే బరువు మోసే పనినీ, ఊపును ఆపే పనినీ, ఇరుసును దాని చోట నిలిపే పనినీ చేసింది. కంకర, మొరం పరిచి రోలరు తొక్కించిన బాట మీద అంతకంటే నమ్మకమైన ఏర్పాటు మరొకటి లేదు.

సైనిక చరిత్రలో కూడా ఈ దారి పేరు వస్తుంది. 1948 సెప్టెంబరులో విజయవాడ వైపు నుంచి వచ్చిన భారత సైన్యం సూర్యాపేటను పట్టుకున్న తరువాత, వెనుదిరిగిన హైదరాబాదు సేనలు మూసీ మీది వంతెనను ధ్వంసం చేశాయి. అయినా అది త్వరలోనే బాగై, సైనిక వాహనాలు నార్కట్‌పల్లి వైపు సాగిపోయాయి. బండి ఎంత దృఢమైనదైనా అది వంతెనకు, బాటకు లోబడే నడుస్తుందని ఆ సంఘటన చూపింది.

లారీల కాలం వచ్చాక కమాను కట్టను సర్దుబాటు చేయడమే ఒక వృత్తి అయింది. ధాన్యం, రాయి, ఇసుక మోసే లారీ ఖాళీగా ఉన్నప్పుడు ఒక బరువు, నిండినప్పుడు అంతకు రెండింతలో మూడింతలో బరువు ఉంటుంది. ఆ తేడాను తట్టుకోవడానికి కమాను పనివారు పట్టీలు కలపడం, తీయడం, కుంగిన పట్టీని కొలిమిలో కాల్చి వంపు తిరిగి తెచ్చి పదును పెట్టడం చేసేవారు. ఈ పనిలో లెక్క ఉంది. ఒకే మందం గల ఏడు పట్టీల కట్టకు ఎనిమిదవది కలిపితే గట్టిదనం సుమారు ఏడవ వంతు పెరుగుతుంది. కాని పట్టీ మందాన్ని రెట్టింపు చేస్తే ఆ పట్టీ గట్టిదనం ఎనిమిది రెట్లవుతుంది, ఎందుకంటే వంగే పట్టీ గట్టిదనం మందపు ఘనం చొప్పున పెరుగుతుంది. అనుభవజ్ఞులైన పనివారు మందం పట్టీ వేయడానికి జంకి, పలుచనివి పెంచడానికే ఇష్టపడటంలో ఉన్న తెలివి ఇదే. ఈ ప్రాంతంలో సస్పెన్షన్ సర్దుబాటు అన్నది కొలిమి దగ్గర, బరువు కోసం పుట్టింది. వేగం కోసం చేసే సర్దుబాటుకు మూలాలు వేరే చోట ఉన్నాయి.

మొదటి మోటారు కార్లు వేగం పుంజుకున్నప్పుడు ఒక కొత్త చిక్కు బయటపడింది: కమాను కుదుపును మింగుతుంది గాని, మింగిన శక్తిని తిరిగి వదులుతూ పలుమార్లు పైకీ కిందికీ ఊగుతుంది. ఆ ఊపును ఆపే పరికరమే షాకబ్జార్బర్. ఫ్రాన్సుకు చెందిన ట్రుఫో రూపొందించగా, అమెరికాలో హార్ట్‌ఫోర్డ్ 20వ శతాబ్దపు తొలి ఏళ్ళలో ప్రచారంలోకి తెచ్చిన రకంలో రెండు చేతులు కత్తెరలా కలిసేచోట రాపిడి బిళ్ళలు ఉండేవి. నడుమ ఉన్న నట్టును బిగిస్తే రాపిడి పెరిగి బండి గట్టిపడేది, వదులు చేస్తే మెత్తబడేది. కారుకు సర్దుబాటు సస్పెన్షన్ అన్న మాట మొదట వర్తించేది ఈ నట్టుకే. తరువాత రాపిడి స్థానంలో నూనె వచ్చింది: గొట్టంలో కదిలే పిస్టను సన్నని రంధ్రాల గుండా నూనెను తోసినప్పుడు కుదుపు శక్తి వేడిగా మారి చల్లారుతుంది. గుర్రపు జీను సామాను తయారీతో 1857లో మొదలైన డచ్చి సంస్థ కోని, రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన కాలానికి, ఆ రంధ్రాల బిగువును మార్చుకోగల గొట్టపు షాకబ్జార్బర్లను తెచ్చింది. ఫ్రెంచి ఇంజనీరు ద కార్బన్ 1950లలో ఒకే గొట్టంలో నూనె వెనుక ఒత్తిడి గల వాయువును బంధించి, నూనె నురగ కట్టి పట్టు తప్పే లోపాన్ని సరిచేశాడు. గతుకుల దారిలో గంటల తరబడి నడిచే బండికి ఈ చివరి సంగతి చాలా విలువైనది.

కేతేపల్లి మీదుగా సాగిన కార్లలో ఈ మార్పులు ఆలస్యంగా కనిపించాయి. దశాబ్దాలపాటు రాజ్యమేలిన అంబాసిడర్‌కు ముందు వైపు మెలిపడే ఉక్కు కడ్డీ, వెనుక కమాను కట్ట ఉండేవి. ఎత్తుగా నిలిచి, నిదానంగా ఊగుతూ, చెడ్డ బాటను ఓర్చుకోవడమే దాని గుణం. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 ముందు చక్రాలకు మెక్‌ఫెర్సన్ స్ట్రట్‌ను, అంటే చుట్ట స్ప్రింగునూ షాకబ్జార్బర్‌నూ ఒకే నిలువు స్తంభంగా కలిపిన ఏర్పాటును, సామాన్య కుటుంబాల అందుబాటులోకి తెచ్చింది. 2004లో స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్, 2013లో ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ వంటి టర్బో పెట్రోలు కార్లు వచ్చేసరికి వేగాన్ని కోరి కారు కొనేవారు ఒక వర్గంగా ఏర్పడ్డారు. అప్పటికి వారికి తగిన రహదారి కూడా సిద్ధమవుతూ వచ్చింది. పాత లెక్కలో పుణె నుంచి మచిలీపట్నం దాకా 9వ నంబరుగా ఉన్న ఈ రహదారిలో మల్కాపురం, నందిగామల నడుమ సుమారు 181 కిలోమీటర్లు నాలుగు వరుసలుగా విస్తరించి 2012 చివరలో టోలు వసూలు మొదలైంది. కొర్లపహాడ్ టోల్ ప్లాజా కేతేపల్లి మండలంలోనే ఉంది.

ఈ విస్తరణ దారిని రెండుగా చీల్చిందనే చెప్పాలి. నడుమ నునుపైన నాలుగు వరుసలు. పక్కన సర్వీసు రోడ్డు, ఊరి మలుపు, వంతెన అతుకు, టోలు దగ్గరి రంబుల్ పట్టీలు, స్పీడు బ్రేకర్లు. వేగపు కారు ఒకే ప్రయాణంలో రెండింటినీ దాటాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రని స్పీడు బ్రేకర్ 17 మీటర్ల వ్యాసార్ధంతో, 3.7 మీటర్ల వెడల్పుతో, 10 సెంటీమీటర్ల ఎత్తుతో ఉండాలి. చక్రాల నడుమ దూరం 2.5 మీటర్లున్న కారు సరిగ్గా దాని మీద నిలిస్తే, కారు నడుమ భాగం కింద రోడ్డు సుమారు 4.6 సెంటీమీటర్లు పైకి లేస్తుందని లెక్క తేలుతుంది. నేలకు 16.5 సెంటీమీటర్ల ఎడం ఉన్న కారును 4 సెంటీమీటర్లు దించితే అక్కడ మిగిలేది 8 సెంటీమీటర్లు కూడా కాదు. నలుగురు కూర్చుని సామాను నింపితే అది ఇంకా తగ్గుతుంది. పల్లెల దగ్గర వేసిన స్పీడు బ్రేకర్లు తరచు ఈ కొలతకు కూడా లోబడవు.

ఈ నేపథ్యంలో కాయిలోవర్‌ను అర్థం చేసుకోవాలి. షాకబ్జార్బర్ గొట్టానికి మర చెక్కి, స్ప్రింగు కూర్చునే పళ్ళాన్ని ఆ మర మీద పైకీ కిందికీ తిప్పేలా చేసిన ఏర్పాటుకు ఆ పేరు. చవక రకాలలో పళ్ళాన్ని దించితే కారు దిగుతుంది గాని, చక్రం పైకి కదలడానికి ఉన్న చోటు అంతే మేర తగ్గిపోతుంది. మంచి రకాలలో గొట్టం అడుగు భాగానికి విడిగా మర ఉండి, స్ప్రింగు కదలికను చెడగొట్టకుండా ఎత్తు మార్చే వీలుంటుంది. పళ్ళాన్ని బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది నమ్ముతారు. మామూలు చుట్ట స్ప్రింగు విషయంలో ఇది నిజం కాదు: మిల్లీమీటరుకు 2 కిలోల బరువు కోరే స్ప్రింగు ఎంత బిగించినా 2 కిలోలే కోరుతుంది. గట్టిదనం కావాలంటే స్ప్రింగునే మార్చాలి, అలా మార్చినప్పుడు ఊపు వేగం గట్టిదనపు వర్గమూలం చొప్పున పెరుగుతుంది. నిమిషానికి 72 సార్లు ఊగే కారుకు రెండింతల గట్టి స్ప్రింగు వేస్తే అది 102 సార్లు ఊగుతుంది. మనిషి నడక లయకు దగ్గరగా ఉండే ఊపు ఒంటికి హాయిగా ఉంటుంది, దానిని దాటినకొద్దీ నడుము, మెడ అలసిపోతాయి.

షాకబ్జార్బర్ సర్దుబాటులో కూడా తేడాలున్నాయి. ఒకే పిడి ఉన్న రకం తరచు స్ప్రింగు అణిగిన తరువాత తిరిగి లేచే వేగాన్ని మారుస్తుంది. రెండు పిడులున్నది అణిగే వేగాన్ని కూడా విడిగా మారుస్తుంది. ఖరీదైనవి నెమ్మది కదలికనూ త్వరిత కదలికనూ వేరు చేస్తాయి. ఇక్కడ వేగమంటే కారు వేగం కాదు, పిస్టను కడ్డీ కదిలే వేగం. మలుపులో కారు ఒరిగేటప్పుడు కడ్డీ నెమ్మదిగా కదులుతుంది, వంతెన అతుకు తగిలినప్పుడు ఒక్కసారిగా దూసుకుపోతుంది. కాబట్టి నెమ్మది కదలికను గట్టిగా, త్వరిత కదలికను మెత్తగా ఉంచగల పరికరం ఈ దారికి బాగా సరిపోతుంది. తెలిసిన ఒకే దారి ముక్క మీద, అన్నిటికంటే మెత్తని స్థానం నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క మెట్టు పెంచుతూ, కారు ఒక్క ఊపుతో నిలకడ పొందే చోట ఆగడం మంచి పద్ధతి.

పందెపు కార్ల కొలతలను యథాతథంగా తెచ్చుకోవడం ఈ విషయంలో తరచు జరిగే పొరపాటు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ తీరాన సుమారు 2.8 కిలోమీటర్ల వీధి పందెపు బాట మీద ఫార్ములా-ఈ కార్ల పోటీ జరిగినప్పుడు, ఆ కొన్ని కిలోమీటర్ల కోసం రోడ్డునే మళ్ళీ నునుపు చేశారు. నేలకు ఆనుకుని పోయే కార్లకు దారిని సరిచేశారు. మిగిలిన రాష్ట్రంలో కారే దారికి సరిపడాలి.

చట్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్, రిజిస్ట్రేషన్‌లో నమోదైన వివరాలు తయారీదారు ఇచ్చిన కొలతలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఆ నియమాన్ని గట్టిగా సమర్థించింది, అదే ఏడాది సవరణలో అనుమతి లేని ప్రతి మార్పుకూ 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ విధించే వీలు కల్పించారు. కేతేపల్లి మీదుగా నిత్యం ప్రయాణించే వేగపు కారుకు, అందువల్ల, కంపెనీ ఇచ్చిన ఎత్తును కాపాడుతూ, అసలు స్ప్రింగుకంటే కొద్దిగా మాత్రమే గట్టిదైన స్ప్రింగుకు జతగా, లేచే ఊపును సర్దుకోగల వాయుపీడన షాకబ్జార్బర్‌ను ఎంచుకోవడమే సరైనది. ఎత్తు దించే కాయిలోవర్ ఈ బాటకు తగదు.