నలుచదరంలో పంపకాలు

టోక్యోలో ఒచనోమిజు స్టేషన్ దాటి బయటికి రాగానే హిజిరి వంతెన. ఒక్క నిమిషం ఆగి కిందికి చూడండి. కందా నది మీదుగా ఎర్ర మెట్రో రైలు ఒక సొరంగంలోంచి తల బయటపెట్టి, నీళ్ళు దాటి, ఇంకో సొరంగంలోకి దూరిపోతోంది. వంతెన మీద అందరూ దాన్నే ఫొటో తీస్తున్నారు. మన పని వేరే. యుషిమా సెయిదో ప్రహరీ దాటి కాస్త నడిస్తే ఒరిగామి కైకాన్. ఎడో కాలం చివర్లో కాగితాలకు రంగులద్దే పనితో మొదలైన చోటు.

దుకాణానికి తర్వాత వెళదాం, ముందు పై అంతస్తులో అద్దకం గది చూడాలి. ఒకాయన తలెత్తకుండా వెడల్పాటి కుంచెతో ఈ చివర నుంచి ఆ చివరకు నీలం లాగుతున్నాడు. తడిస్తే కాగితం చిరుగుతుందని మన భయం. ఆయనకు ఆ భయమే లేదు. తడి కాగితాన్ని ఎత్తి, దండెం మీద చీర వేసినట్టు ఆరేశాడు. అది వాషి. కోజో అనే మల్బరీ జాతి మొక్క బెరడు నారతో చేసింది. ఓ ముక్క కొస చింపి చూడండి, నారలు వెంట్రుకల్లా సాగుతాయి. ఈ నార సంగతి గుర్తుంచుకోండి, రాత్రికి పనికొస్తుంది.

కింద గాజు బీరువాలో కుసుదామా బంతులు. పువ్వులన్నీ విడివిడిగా మడిచి బంతిలా కూర్చినవి. పూర్వం కుసుదామా అంటే మూలికల మూట. అయిదో నెల అయిదో రోజున, కీడు సోకకుండా ఇంట్లో వేలాడదీసేవాళ్ళు, మనం గుమ్మానికి బూడిదగుమ్మడికాయ కట్టుకున్నట్టు. మూలికలు పోయాయి, కాగితం మిగిలింది. అందంగానే ఉంటాయి కానీ ఒకే పువ్వును ముప్పై సార్లు మడవడం మీద నాకు పెద్ద మోజు లేదు.

కూర్చోండి, కొంగను మడుద్దాం. 15 సెంటీమీటర్ల చదరం. మూలకు మూల కలిపి గోటితో గీటండి. కొండ మడత, లోయ మడత: ఈ విద్యకు అక్షరాలు ఈ రెండే. వాటిని గీతల్లో, బాణాల్లో రాసే పద్ధతిని తన 1954 నాటి పుస్తకంతో నిలబెట్టినవాడు అకిరా యోషిజావా. అంతకుముందు ఇంటింటికీ తిరిగి, సోయా రసంలో ఉడికించిన త్సుకుదాని అమ్ముకుని బతికిన మనిషి.

ఇప్పుడు చదరం చిన్న చదరమైంది. పక్క అంచులు లోపలికి నొక్కి, విప్పి, పై పొర ఒక్కటే పట్టుకుని నెమ్మదిగా ఎత్తండి. అంచులు వాటంతటవే లోపలికి ఒదిగి, పొడవాటి రేకు ఒకటి లేచి నిలుస్తుంది. తిప్పి వెనకవైపూ అంతే. రెండు కొనలు సన్నం చేసి పైకి విరిస్తే మెడా తోకా. మెడ కొస వంచితే ముక్కు. రెక్కలు పట్టి మెల్లగా లాగగానే నడుమ వీపు పొంగుతుంది. కాగితానికి నాలుగు మూలలు, కొంగకు మెడ, తోక, రెండు రెక్కలు. లెక్క సరిపోయింది.

డ్రాగన్ దగ్గర ఆ లెక్క చెడుతుంది. నాలుగు కాళ్ళు, కాలికాలికీ గోళ్ళు, కొమ్ములు, దవడలు, రెక్కలు, తోక. మూలలేమో నాలుగే. కత్తెర పెట్టకూడదు, జిగురు ముట్టకూడదు. అన్నదమ్ములు డజనుమంది, పొలం ఒక్కటే ఉన్న ఇంట్లోలా పంపకం చెయ్యాలి. కొన ఎంత పొడుగు కావాలో అంత వ్యాసార్ధంతో వలయం గీస్తే, ఆ మేర కాగితం దాని వాటా. మూలన పుట్టే కొన పావు వలయంతో సరిపెట్టుకుంటుంది. అంచున పుట్టేది సగం అడుగుతుంది. నడిమధ్యన పుట్టేది నిండు వలయాన్నీ మింగుతుంది. అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ లాంగ్ ఈ పంపకం చేసిపెట్టడానికి ట్రీమేకర్ అని ఒక కంప్యూటర్ ప్రోగ్రామే రాశాడు.

రాత్రి పదకొండు. హోటల్ గదిలో బల్ల మీద ఒరిగామి కళాకారుడు సతోషి కమియా రూపొందించిన ‘ఏన్షియంట్ డ్రాగన్’ పటాలు. 270కి పైగా మెట్లు. పక్కన 35 సెంటీమీటర్ల మామూలు రంగు కాగితం. వాషి ధర చూసి వెనక్కి పెట్టేసి, చవకని ఇది తెచ్చుకున్నాం. మొదట్లో మడవడం, విప్పడం, మళ్ళీ మడవడమే. గంటన్నర గడిచినా చేతిలో ఉన్నది నలిగిన చదరమే. ఆ తర్వాత ఒక్కసారిగా గీతలన్నీ కలిసి ముడుచుకుంటాయి, అరచేతిలో బరువైన ముద్ద. ఎక్కడో రెక్క, ఎక్కడో కాలు. ఇంకా ముఖం లేదు.

సగం దాటాక, పొరల మీద పొరలు పడిన చోట తెల్లటి చుక్క కనిపించింది. ఈ కాగితానికి రంగు పైపైనే. లోపల తెలుపు, పొట్టి నార. తర్వాతి మడతకు ఆ చుక్క కంత అయింది.

విప్పి దీపం కింద పరిస్తే అచ్చం సర్వే పటం. ఇది ముంగాలి వాటా, ఇది రెక్కది, ఆ మూల తోకది. కంత మాత్రం సరిగ్గా నడి పొలంలో, అన్ని గట్లూ కలిసే చోట. విమానం రేపు సాయంత్రానికి. పొద్దున్నే దుకాణానికి మళ్ళీ వెళ్ళి రావచ్చు.