కొలత, పటం, కబురు

ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం కావాలని మన సంఘం కార్యదర్శిగారు అడిగారు. బందరు కోట గురించో, డచ్చివారి సమాధుల గురించో రాస్తానని అనుకొని ఉంటారు. నేను ఎంచుకున్న విషయం వేరు. అణుధార్మికత కొలతలను కంప్యూటరు పటాలుగాను, ఆ పటాలను సైన్యానికి రిపోర్టులుగాను మార్చిన చరిత్ర గురించి రాస్తున్నాను. నేను సైనికుణ్ణి కాను, శాస్త్రజ్ఞుణ్ణీ కాను. గుడివాడ, దివి, బందరు ప్రాంతాల్లో రెవెన్యూ ఉద్యోగం చేసి, ఊళ్ళ లెక్కలు తెచ్చి రిపోర్టులు కట్టినవాణ్ణి. ఈ చరిత్ర చదువుతుంటే అడుగడుగునా మన తుఫాను ఫైళ్ళే గుర్తుకు వచ్చాయి.

అణుబాంబు నేల దగ్గర పేలితే విషధూళి పైకి లేచి, గాలి ఎటు వీస్తే అటు రాలుతుంది. ఏ దారిన వెళ్ళవచ్చో, ఎక్కడ ఎంతసేపు ఉండవచ్చో సైన్యానికి తెలియాలి. అందుకని మీటర్లు పట్టుకొని కొందరు తిరుగుతారు. స్థలం, వేళ, కొలత, ఈ మూడూ రాసుకుంటారు. ఈ సమాచారం పంపడానికి నాటో సైన్యాలు ఆరు రకాల రిపోర్టులు ఏర్పాటు చేసుకున్నాయి. మొదటిది కళ్ళారా చూసినవాడు పంపేది. రెండవది అలాంటివి కొన్ని సరిపోల్చి తేల్చింది. మూడవది ప్రమాదం ఎటు రావచ్చో ముందుగా చెప్పే హెచ్చరిక. నాలుగవది నేల మీద తీసిన అసలు కొలతలు. అయిదవది నిజంగా చెడిన ప్రాంతం హద్దులు. ఆరవది వివరమైన నివేదిక. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే మూడవది తుఫాను బులెటిన్, నాలుగవది కరణంగారు ఇచ్చిన గ్రామ నష్టాల జాబితా, అయిదవది తాలూకా పటం మీద గీసిన ముంపు హద్దు.

ఇందులో వేళకు ఉన్న విలువ గొప్పది. బాంబు ధూళి తీవ్రత గంటగంటకూ తగ్గుతుంది. కాలం ఏడు రెట్లు పెరిగితే తీవ్రత సుమారు పదో వంతు అవుతుందని ఒక మోటు లెక్క ఉంది. మొదటి గంటకు 100 ఉన్నచోట 7 గంటలకు 10, 49 గంటలకు 1 అన్నమాట. ఒక ఊళ్ళో ఉదయం, పక్క ఊళ్ళో రాత్రి తీసిన కొలతలను అలాగే కలిపి గీత గీస్తే ఆ గీత తప్పు చెబుతుంది. హంసలదీవి దగ్గర పోటు వేళ నీటిమట్టం, నాగాయలంక దగ్గర ఆటు వేళ మట్టం తీసి రెండిటినీ పోల్చినట్టే. అందుకే కొలతలన్నిటినీ ముందు ఒకే గంటకు సరిచేసి, సమానమైనవాటిని కలుపుతూ గీతలు గీస్తారు. ఒకప్పుడు ఇది పెన్సిలు, స్కేలు పని. తరువాత కంప్యూటరు చేతికి వచ్చింది. కంప్యూటరు గీత చాలా నున్నగా ఉంటుంది. ఎవరూ అడుగుపెట్టని చోట కూడా అంతే నున్నగా ఉంటుంది. గీతలో ఎంత భాగం కొలిచింది, ఎంత భాగం ఊహించింది అని చదివేవారు అడగవలసిందే.

ఊహకూ కొలతకూ ఎంత దూరమో 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ అణుకేంద్రం పేలినప్పుడు తెలిసింది. కేంద్రం చుట్టూ 30 కిలోమీటర్ల వలయం గీసి అందులోని జనాన్ని తరలించారు. వలయం గీయడం సులభమే గాని, గాలీ వానా వలయం ప్రకారం నడుచుకోవు. సుమారు 200 కిలోమీటర్ల అవతల, మొగిల్యోవ్ ప్రాంతంలో వాన కురిసినచోట నేల బాగా చెడిందని కొలతల్లో తేలింది. చదరపు కిలోమీటరుకు 1, 5, 15, 40 క్యూరీల చొప్పున గీతలు గీసి పటాలు తయారు చేశారు. ఆ పటాలు సామాన్య జనానికి పత్రికల్లో కనిపించింది 1989లో.

జపానులో 2011లో జరిగింది మరీ ఆలోచించవలసిన సంగతి. మార్చి 11న భూకంపం, సునామీ వచ్చి ఫుకుషిమా అణుకేంద్రానికి కరెంటు పోయింది. ఇలాంటి రోజు కోసమే ఆ దేశం 'స్పీడీ' అనే కంప్యూటరు వ్యవస్థను ఏళ్ళ తరబడి తయారు చేసి పెట్టుకుంది. గాలి వివరాలు ఇస్తే విషధూళి ఎటు పోతుందో అది పటం గీసి ఇచ్చేది. కేంద్రం నుంచి ఎంత విషం వెలువడిందో సరైన లెక్క అందలేదు గనుక ఒక అంకె అనుకొని లెక్క కట్టారు. మోతాదు తెలియకపోయినా దిక్కు తెలిసే వీలుంది. ఆ లెక్కలు మార్చి 14న, సహాయానికి వచ్చిన అమెరికా సైన్యానికి అందాయి. ప్రజలకు విడుదలైంది 23న. తొమ్మిది రోజుల తేడా. ఈ మాట 2012 జనవరిలో అక్కడి ప్రభుత్వాధికారి ఒకరు విచారణ సంఘం ముందు ఒప్పుకున్నారు.

ఈ లోగా నమియే పట్టణవాసులు వేలమంది వాయవ్యంగా ఉన్న త్సుషిమా అనే చోట తలదాచుకున్నారు. ధూళి ఎక్కువగా రాలింది ఆ దిక్కుకే. మార్చి 17 నుంచి 19 వరకు అమెరికా విమానాలు పైనుంచి తీసిన కొలతల్లో వాయవ్యంగా సాగిన పట్టీ స్పష్టంగా కనిపించింది. సైన్యానికి పటం ఇవ్వడం తప్పని నేననను. సాయానికి వచ్చినవాడు ఎక్కడ నిలబడాలో తెలుసుకోవాలి గదా! అయితే పిల్లాజెల్లాతో దారిన పడ్డవారికి ఆ కబురు అంతకంటె ముందు అవసరం.

ఇక్కడే నాకు దివిసీమ గుర్తుకు వస్తుంది. 1977 నవంబరు 19, శనివారం. తుఫాను వస్తున్నదన్న మాట రేడియో చెప్పింది. సముద్రం ఏ ఊరికి ఎంత ఎత్తున వస్తుందో ఊరివారి చేతికి అందిన పటం లేదు. దాదాపు అయిదు మీటర్ల ఎత్తున ఉప్పెన వచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. సర్కారు లెక్కకే సుమారు పదివేల మంది పోయారు. తరువాత మేము కట్టిన నష్టాల రిపోర్టులు ఎంత వివరంగా ఉన్నా, అవన్నీ పోయినవారి లెక్కలే. 1990 మే 9న వచ్చిన తుఫాను కూడా భయంకరమైనదే, కృష్ణ సముద్రంలో కలిసే చోటికి సమీపంలోనే తీరం దాటింది. ఆసారి ముందుగా ఆరు లక్షల మందికి పైగా జనాన్ని తరలించారు. దాదాపు వెయ్యి ప్రాణాలు పోయాయి, అది చిన్న సంఖ్య కాదు. 1977తో పోల్చినప్పుడు మాత్రం, కబురు వేళకు ఊరు చేరితే ఎంత ఫలితమో అర్థమవుతుంది.

నాటో వరుసలో చెప్పాలంటే ప్రాణం కాపాడేది మూడవ రిపోర్టు. నాలుగు, అయిదు రిపోర్టులు ఎంత బాగా రాసినా అవి రాబోయేసారి మూడవ రిపోర్టు బాగుపడటానికే పనికొస్తాయి. కొలత ఏ ఊళ్ళో తీశారో ఆ ఊరికి పటం తిరిగి చేరాలి. లేకపోతే కంప్యూటరు ఎంత తెలివైనదైనా లాభం లేదు.

చివరగా సభ్యులకు ఒక మనవి. మనలో 1977లో, 1990లో దివి, బందరు, గుడివాడ ప్రాంతాల్లో పనిచేసినవారు ఇంకా కొందరు ఉన్నారు. మీకు గుర్తున్నంత వరకు ఒక కాగితం మీద రాసి సంఘం ఆఫీసుకు పంపండి. ఏ ఊరు, ఏ వేళ, నీరు గోడ మీద ఎంతవరకు వచ్చింది, హెచ్చరిక ఎవరి ద్వారా ఎప్పుడు అందింది, ఈ నాలుగూ ఉంటే చాలు. చూసిన సంగతీ, విన్న సంగతీ విడివిడిగా రాయండి. మన మనవలు పటం గీసేటప్పుడు ఆ తేడా వారికి అవసరమవుతుంది.