షిరకవగో: అంజలి పట్టిన ఇళ్లు

జపాన్ నడిమి కొండల్లో, గిఫు ప్రిఫెక్చర్‌లో, షో నది పారే ఇరుకు లోయ షిరకవగో. ఇక్కడి ఒగిమచి గ్రామంలోని గడ్డి ఇళ్లను 'గష్షో' ఇళ్లంటారు. గష్షో అంటే అంజలి పట్టడం. కప్పు రెండు వాలులూ నమస్కరించే అరచేతుల్లా నిటారుగా నిలుస్తాయి. వాలు ఇంచుమించు 60 డిగ్రీలు. చలికాలంలో మనిషెత్తు పేరుకునే మంచు కప్పుమీద నిలవకుండా జారిపోవడానికే ఈ ఏటవాలు.

అయితే అంత ఎత్తు కప్పుకు మంచు ఒక్కటే కారణం కాదు. లోయలో వరి పండే నేల తక్కువ. షోగన్లు ఏలిన 'ఎడో' యుగం నుంచి ఇక్కడివారిని పోషించింది పట్టు. కింద మనుషులు, పైన రెండు మూడు అంతస్తుల అటకల్లో పట్టుపురుగులు. ఇంటి నడుమ పొయ్యి వేడి అటకలకూ ఎక్కేది. కప్పు రెండు కొనల గోడల్లోని కిటికీలు అటకలకు గాలీ వెలుతురూ ఇచ్చేవి. ఇంకా ఆశ్చర్యం నేల అడుగున ఉంది. పొయ్యి పక్కనే గొయ్యి తవ్వి మట్టి, మాచిపత్రి జాతి ఆకులు, పట్టుపురుగుల పెంటిక పొరలు పొరలుగా పేర్చి, కొన్నేళ్లు మాగబెట్టి పెట్లుప్పు తీసేవారు. తుపాకిమందుకు అదే మూలం. పొరుగున ఉన్న గొకయమ గ్రామాల పెట్లుప్పు 'కాగా' సంస్థాన ప్రభువులకు చేరేది. అటకమీది వ్యర్థం నేలకింద సరుకైన ఈ ఇంటిని కార్ఖానా అనడమే న్యాయం.

కప్పులో ఒక్క మేకు ఉండదు. వాసాలను గడ్డితాళ్లతో, మెత్తబరచిన లేతకొమ్మలతో బిగిస్తారు. పొయ్యి పొగ వాటికి మసి పట్టించి పురుగునూ కుళ్లునూ ఆపుతుంది. పొయ్యి ఆరిన ఇంటికి ఆయుష్షు తగ్గుతుంది. ముప్పై నలభై ఏళ్లకోసారి గడ్డి మార్చాలి. అది ఒక కుటుంబం వల్ల అయ్యే పని కాదు. అందుకే 'యుఇ' అనే బదులు పని పుట్టింది. వందమందికి పైగా కప్పెక్కి ఒకటి రెండు రోజుల్లో పని ముగిస్తారు. ఎవరు ఎవరికి ఎంత పని బాకీయో చిట్టాలో రాసుకునేవారు.

1935లో జర్మన్ వాస్తుశిల్పి బ్రూనో టౌట్ ఈ ఇళ్లను చూసి మెచ్చుకున్నాడు. కానీ ఆ తరువాతి దశాబ్దాలు గడ్డుకాలం. పట్టుకు గిరాకీ పడిపోయింది. 1961లో పూర్తయిన మిబోరో ఆనకట్ట నీటిలో పల్లెలు మునిగాయి. ఎన్నో ఇళ్లు అమ్ముడుపోయాయి. చివరికి 1971లో ఒగిమచి ప్రజలు సంఘం కట్టి మూడు కట్టుబాట్లు చేసుకున్నారు: ఇల్లు అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, పడగొట్టకూడదు. 1976లో ప్రభుత్వ రక్షణ దొరికింది. 1995లో గొకయమలోని ఐనొకుర, సుగనుమ గ్రామాలతో కలిపి ఒగిమచి యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ప్రభుత్వం కన్నా ముందు ఊరివారే మేల్కొన్నారన్నది గుర్తుంచుకోదగ్గ సంగతి.

గడ్డి ఇళ్లకు నిప్పే పెద్ద శత్రువు. ఊరంతా నీటి ఫిరంగులు అమర్చి, ఏటా చలికాలానికి ముందు ఒకేసారి వదిలి పరీక్షిస్తారు. ఆ ఇళ్లలో ఇప్పటికీ కుటుంబాలు కాపురముంటున్నాయి. చూడబోయేవారు అడగకుండా పెరట్లో అడుగుపెట్టకూడదు, నిప్పు వెలిగించకూడదు.