నాసిక్ పల్లెల్లో చిన్న వైనరీలు: రెండు రోజుల రుచి యాత్రకు ముందు తెలుసుకోవాల్సినవి

తెలుగు ఊళ్లలో ‘వైన్స్’ బోర్డు ఉన్న దుకాణంలో విస్కీ, బ్రాందీ, బీరు వరుసలు కట్టి ఉంటాయి. వైన్ సీసాలు మాత్రం ఏ మూలనో దుమ్ము పట్టి కనిపిస్తాయి. ఆ పేరు ఆ దుకాణానికి ఎలా అతుక్కుందో గానీ, ద్రాక్షరసాన్ని పులియబెట్టి చేసే అసలు వైన్ మన దేశంలో ఎక్కడ తయారవుతుందో చాలామందికి తెలియదు. షిర్డీ దర్శనం చేసుకుని త్ర్యంబకేశ్వరం వెళ్లే తెలుగువారు తెలియకుండానే ఆ ద్రాక్ష సీమను దాటి వెళ్తుంటారు.

నాసిక్ జిల్లాలో వైన్ కంటే ముందు తినే ద్రాక్ష ఉంది. తీగను పెంచడం, కత్తిరించడం, అంటు కట్టడం తెలిసిన రైతులు అక్కడ తరతరాలుగా ఉన్నారు. సముద్ర మట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తు, చలికాలంలో చల్లని రాత్రులు కలిసివచ్చాయి. 1990ల చివర రాజీవ్ సామంత్ గంగాపూర్ ఆనకట్ట దగ్గర సులా వైనరీ పెట్టాక, 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష ప్రాసెసింగ్ విధానం తెచ్చాక, చుట్టుపక్కల చాలామంది రైతులు, వ్యాపారులు ఇందులోకి దిగారు. ‘నాసిక్ వ్యాలీ వైన్’కు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

తినే ద్రాక్షకూ వైన్ ద్రాక్షకూ తేడా తోటలోనే కనిపిస్తుంది. హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పుడు పేరుమోసిన అనాబ్-ఎ-షాహీ పందిళ్ల మీద పాకేది. గుత్తి పెద్దది, గింజ కండగలది. వైన్ రకాలు తీగల కంచె మీద నిలువు వరుసల్లో పెరుగుతాయి. గింజ చిన్నది, తొక్క మందం, లోపల విత్తనాలు. దిగుబడి కావాలనే తగ్గిస్తారు, ఎందుకంటే తీగ మీద కాయ ఎక్కువైతే రసం పలచబడుతుంది. తెల్లవాటిలో షెనిన్ బ్లాంక్, సావిన్యాన్ బ్లాంక్, ఎర్రవాటిలో షిరాజ్, కాబెర్నే సావిన్యాన్ ఎక్కువ.

యూరప్ తీగ చలికి నిద్రపోతుంది, వసంతంలో లేస్తుంది. మన తీగకు ఆ నిద్ర లేదు, ఏడాది పొడవునా పచ్చగానే ఉంటుంది. వదిలేస్తే వానల్లో కూడా కాపు కాస్తుంది, ఆ కాయ కుళ్లుతుంది. అందుకే ఏడాదికి రెండుసార్లు కత్తిరించి ఒక్క కాపే తీసుకుంటారు. వేసవిలో మొదటి కత్తిరింపు కొమ్మను సిద్ధం చేయడానికి, వానలు తగ్గుముఖం పట్టాక రెండోది పూతకు. కోత జనవరి నుంచి మార్చి దాకా, వేడి ఎక్కకముందు తెల్లవారుజామునే మొదలవుతుంది. కోతకు ముందు అకాల వర్షమో వడగళ్లో పడితే ఏడాది శ్రమ పోయినట్టే. 2014 మార్చి వడగళ్లు మహారాష్ట్ర ద్రాక్ష రైతులు ఇంకా మరచిపోలేదు.

పెద్ద వైనరీల్లో శని, ఆదివారాలు జాతరలా ఉంటాయి. చిన్నవాటిలో పద్ధతి వేరు. ఇగత్‌పురి వైపు కావ్నాయి దగ్గర, ముక్నే జలాశయం ఒడ్డున ఉన్న వలోన్, ఎండబెట్టిన ద్రాక్షతో తీపి వైన్ కూడా చేస్తుంది. నిఫాడ్ తాలూకా కుందేవాడిలోని రెవీలో గ్రిల్లో, నీరో డావోలా వంటి ఇటలీ రకాలను వేసింది. గంగాపూర్ వైపు సోమా ఉంది. దాని దగ్గరి యార్క్ ఒక కుటుంబం నడిపిన వైనరీ; 2021లో సులా చేతికి వెళ్లింది. ఇలాంటి చోట్ల ట్యాంకుల పక్కన నిలబెట్టి వివరించేది చాలాసార్లు వైన్ చేసిన మనిషే. అడగాల్సిన ప్రశ్నలు అక్కడే అడగాలి: ద్రాక్ష సొంత తోటదా, రైతు దగ్గర కొన్నదా, ఈ ఏడు కోత ఎప్పుడు పడింది?

రుచి చూడటంలో పెద్ద శాస్త్రమేమీ లేదు. ఐదారు రకాలు, ఒక్కోటి రెండు గుక్కలు. తెల్లవి ముందు, ఎర్రవి తరువాత, తీపివి చివర. గ్లాసు తిప్పి వాసన చూసి, కొద్దిగా నోట్లో ఉంచుకోవాలి. నాలుక పక్కల నీళ్లూరితే అది పులుపు. చిగుళ్లు పట్టేసినట్టుంటే అది వగరు, తొక్క, గింజల నుంచి వచ్చింది. ఉమ్మడానికి పాత్ర పెడతారు. వాడితే ఎవరూ తప్పు పట్టరు, నిజానికి మూడో వైనరీ దాకా నిలబడాలంటే వాడాల్సిందే.

చిన్న వైనరీకి ఈ గది సరదా కోసం కాదు, బతుకుతెరువు. మద్యం జీఎస్టీలో లేదు, ప్రతి రాష్ట్రానిదీ సొంత ఎక్సైజ్. ఇంకో రాష్ట్రంలో సీసా అమ్మాలంటే ఒక్కో లేబుల్‌నూ అక్కడ విడిగా నమోదు చేయించి రుసుము కట్టాలి. వేల పెట్టెలు అమ్మేవారికి అది లెక్కలోకి రాదు, కొన్ని వందలు అమ్మేవారికి లాభమంతా అందులోనే పోతుంది. 2008–09 మాంద్యంలో అమ్మకాలు పడిపోయి చాలా వైనరీలు మూతపడ్డాయి, కొందరు రైతులు వైన్ తీగలు పీకేసి మళ్లీ తినే ద్రాక్షకు వెళ్లారు. 2022 జనవరిలో పెద్ద సూపర్‌మార్కెట్లలో వైన్ అమ్మకానికి మహారాష్ట్ర మంత్రివర్గం ఒప్పుకుంది. అన్నా హజారే నిరాహార దీక్షకు దిగుతానన్నారు, నిర్ణయం అమలు కాలేదు. మద్యం అందుబాటు పెరుగుతుందన్న ఆయన భయం కొట్టిపారేయదగ్గది కాదు. కానీ దెబ్బ మాత్రం చిన్నవారికే తగిలింది. మరోవైపు ఆస్ట్రేలియాతో 2022 డిసెంబర్‌లో అమల్లోకి వచ్చిన ఒప్పందం అక్కడి ఖరీదైన వైన్లపై ఉన్న 150 శాతం సుంకాన్ని అంచెలంచెలుగా తగ్గిస్తోంది.

సికింద్రాబాద్ నుంచి దేవగిరి ఎక్స్‌ప్రెస్ నాసిక్ రోడ్‌లో ఆగుతుంది. మొదటి రోజు ఇగత్‌పురి వైపు, రెండో రోజు గంగాపూర్ లేదా నిఫాడ్ వైపు పెట్టుకుంటే హడావుడి ఉండదు. చిన్న వైనరీలకు ముందే ఫోన్ చేయాలి, చెప్పకుండా వెళ్తే తలుపు తీసేవారు ఉండకపోవచ్చు. తిరుగు ప్రయాణానికి కారు, తాగని డ్రైవరు ముందే మాట్లాడుకోవాలి. డ్రై డేలు, ఎన్నికల తేదీలు చూసుకోవాలి. మహారాష్ట్రలో 1949 నాటి మద్యనిషేధ చట్టం కింద తాగేవారికి పర్మిట్ ఉండాలన్న నిబంధన ఇప్పటికీ ఉంది. సీసాలు కొని ఇంటికి తెచ్చుకోవాలనుకుంటే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ నిబంధనలు ఎంతవరకు అనుమతిస్తాయో బిల్లు కట్టకముందే కనుక్కోవాలి.